నాటు తుపాకి

నాటు తుపాకి అనగా మూతి నుండి మందు, గుండ్లు దట్టించి పేల్చే నునుపు గొట్టపు తుపాకి. దీనిని భర్మారు అని కూడా అంటారు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు పల్లెలలో వేటకు, అడవి పందుల నుండి పంట కాపాడుకొనుటకు వాడేవారు.

నిర్మాణం

దీనికి మ్యాగజైను ఉండదు. పేల్చిన ప్రతిసారీ తిరిగి దట్టించాలి. కర్మాగారపు తుపాకులను బోరుతో కొలుస్తారు. గొట్టపు వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు 12 కలిసి ఒక పౌను తూగితే అది 12 బోరు.

చట్టం

1959 ఆయుధాల చట్టం పంట రక్షణకై ఇట్టి తుపాకికి లైసెన్సు పొందే వీలు కల్పించింది. లైసెన్సు లేకుండా గొట్టాన్ని కురచ చేయుట, నకిలీ తుపాకిని అసలుదిగా మార్చుట 6వ సెక్షను ప్రకారం నిషిద్ధం. కిన్నెరసాని వంటి అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకోవాలి. పంట నష్టపోయిన రైతుకు తుపాకి లైసెన్సు ఉన్నప్పటికీ, అధీకృత అధికారి అనుమతి లేనిదే అడవి పందిని చంపరాదు.