బాలశోధకుడు: శాలివాహనుడు, కోనన్

తెలుగున అపరాధపరిశోధక సాహిత్య చరిత్రను వ్రాయువారు సాధారణముగా వంగ, ఆంగ్ల కథల అనువాదములతో మొదలిడి, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరుని యొద్దకు వత్తురు. ఆ త్రోవలో ప్రధాన శోధకులు పెద్దలే. బాలుడు శోధకుడగుట పరదేశపు వింతగా తోచుటకు ఇదియే కారణమని మా తలంపు.

నేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులలో జపాను కథామాలయగు ‘డిటెక్టివ్ కోనన్’ను చూచి యానందించువారు కలరు. గోషో అఒయామా దీనిని 1994లో ఒక వారపత్రికయందు ఆరంభించెను. 1996 నుండి టెలివిజనునందు ప్రసారమగుచున్నది. నూరు సంపుటములు దాటినను కథ ముగియలేదు. పదునేడేండ్ల శోధకుడు విషౌషధముచే బాలుడై ఒకటవ తరగతిలో కూర్చుండును. నిజమును కనుగొనునది ఇతడే; చెప్పవలసివచ్చినపుడు మాత్రము ఒక పెద్దవానిని మత్తుసూదితో నిద్రపుచ్చి, ఆతని గొంతుతో పలుకును. పసివాని మాటను పెద్దలు వినరు గదా!

మన కథయందు విన్నారు. సంస్కృత విక్రమచరితపు దాక్షిణాత్య పాఠమున ఇది 24వ కథ. ఒక వర్తకుడు నలుగురు కొడుకులకు నాలుగు పాత్రలు విడిచి మరణించెను. ఒకదాన మన్ను, ఒకదాన బొగ్గులు, ఒకదాన ఎముకలు, ఒకదాన గడ్డి. విక్రమార్కుని సభ ఈ చిక్కు విప్పలేకపోయినది. ప్రతిష్ఠానమున కుమ్మరి యింట పెరుగుచున్న శాలివాహనుడు విప్పెను: మన్ను భూమి, బొగ్గు బంగారము, ఎముకలు పశువులు, గడ్డి ధాన్యము. సాక్షులు లేరు, వ్రాత లేదు, వస్తువులే సాక్ష్యము. శోధన యనగా ఇంతకంటె వేరేమి? రాజు రమ్మనగా బాలుడు పోలేదు. విక్రముడు సేనతో వచ్చెను. నిజము చెప్పినవానికి పెద్దలవలని ముప్పు ఇచటను తప్పలేదు. కోనన్ పేరు మార్చుకొని దాగుటయు అందులకే.

శాలివాహన నామమును పండితులు పలువురు శాతవాహన శబ్దముతో ముడిపెట్టిరి. ప్రతిష్ఠానమువలెనే గోదావరీతీరమున, జగిత్యాల జిల్లాయందలి కోటిలింగాలలో సిముకుని నాణెములు లభించినవి. నాణెము రాజును చూపును గాని బాలుని చూపదు. ఈ కథ చరిత్రయని మేము వాదింపము. అయినను తెలంగాణ కుమ్మరులు నేటికిని తమ్ము శాలివాహనులని చెప్పుకొందురు. కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల కుమ్మరి వృద్ధుల నోట ఈ పాత్రల కథ ఏ రూపముననైన నిలిచియున్నదేమో, అందు బాలుని వయసెంతయో, పాత్రలలో ఏమేమి యుండెనో మా పరిశోధక విద్యార్థులు ఇప్పుడే అడిగి వ్రాసికొనవలెను. చెప్పగల ముసలివారు ఏటేట తగ్గుచున్నారు.