అహ్మదాబాద్ మ్యాచ్‌కు పోతే నది అవతలి పత్తి పేటలు కూడా చూసి రండి



అహ్మదాబాద్‌లో పెద్ద మ్యాచ్ ఉందంటే ఈ మధ్య మన పల్లెల నుంచి కూడా పిల్లలు టికెట్లు బుక్ చేసుకుని రైలెక్కుతున్నారు. 2023 నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌కు పోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మ్యాచ్ సంగతి మీకు తెలుసు. మనవాళ్ళు 240కి ఆలౌట్, ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు, ఆరు వికెట్ల తేడాతో కప్పు ఆస్ట్రేలియా ఎత్తుకుపోయింది. అది మళ్ళీ రాసి మిమ్మల్ని ఏడిపించను. ఈ పోస్టు ఆ ఊరి గురించి. రెండు రోజులు ముందే పోయి కాళ్ళు నొప్పి పుట్టేదాకా తిరిగాను. పత్తి వేసే రైతు ఎవరైనా ఆ ఊరికి పోయి స్టేడియం ఒక్కటే చూసి తిరిగొస్తే సగం చూసినట్టే. మనం పండించే సరుకుతోనే ఆ ఊరు పైకి లేచింది, మళ్ళీ దాంతోనే దెబ్బతిన్నది.

ముందు స్టేడియం ముచ్చట ముగిద్దాం. మొతేరా ఒకప్పుడు సబర్మతి పక్కన మామూలు పల్లె. 1982లో ప్రభుత్వం స్థలం ఇస్తే తొమ్మిది నెలల్లో స్టేడియం కట్టేశారు. 1983లో కపిల్ దేవ్ వెస్టిండీస్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 83 పరుగులకు 9 వికెట్లు తీసింది ఇక్కడే. 1987లో గవాస్కర్ టెస్టుల్లో పదివేల పరుగులు దాటిందీ ఇక్కడే. దాన్ని పడగొట్టి 2020 నాటికి 63 ఎకరాల్లో కొత్తది లేపారు. 1,32,000 మంది కూర్చోవచ్చు. రైతుకు నచ్చే సంగతి ఒకటుంది. గ్రౌండ్ మధ్యలో 11 పిచ్‌లు ఉంటే కొన్ని ఎర్రమట్టివి, కొన్ని నల్లరేగడివి. ఎర్రమట్టిలో బంతి లేస్తుంది, నల్లమట్టిలో ఆగి ఆగి వస్తుంది. ఏ నేల ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

స్టేడియం పక్కనే మెట్రో స్టేషన్ ఉంది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. ఆ లైను ఒక కొస అప్పట్లో మొతేరా, రెండో కొస స్టేషన్ పేరు ఏపీఎంసీ, అంటే మార్కెట్ యార్డు. మీరు ఆ కొసదాకా పోనక్కర్లేదు. మధ్యలో ఓల్డ్ హైకోర్టు దగ్గర లైను మారి నది దాటి తూర్పుకు పోండి. దాటేటప్పుడు కిందికి ఒకసారి చూడండి. నిండా నీళ్ళు, రెండు వైపులా సిమెంటు గట్లు, పార్కులు. ఆ నీళ్ళు సబర్మతివి కావు, నర్మద కాలువ నుంచి తెచ్చి నింపి, కింద వాస్నా బ్యారేజీతో ఆపినవి. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఎండాకాలం కాలువ చివరి భూములకు నీళ్ళు అందక తిప్పలుపడే మనలాంటోళ్ళకు అది చూస్తే కడుపులో ఏదో తిరుగుతుంది.

నది దాటగానే షాపూర్ స్టేషన్. అక్కడ దిగండి.

ఇక్కడి నుంచి పాత ఊరు మొదలవుతుంది. 1411లో సుల్తాన్ అహ్మద్ షా కట్టించిన ఊరు. భద్ర కోట, మూడు కమానుల తీన్ దర్వాజా, 1424లో పూర్తయిన జామా మసీదు, అన్నీ నడిచిపోయేంత దగ్గర. 2017లో యునెస్కో వారసత్వ నగరంగా గుర్తించింది, మన దేశంలో ఆ గుర్తింపు వచ్చిన మొదటి నగరం ఇదే. అయితే అసలు చూడాల్సింది కోటలు కాదు, పోళ్ళు. పోళ్ అంటే ఒకే గేటు ఉన్న ఇరుకు వాడ. లోపల ఒకదానికొకటి ఆనుకుని చెక్కపని ఉన్న ఇళ్ళు, ఒకే కులం వాళ్ళో, ఒకే వృత్తి వాళ్ళో ఉండేవాళ్ళు. రాత్రయితే గేటు మూసేవాళ్ళు. వాడ మధ్యలో ఎత్తైన స్తంభం మీద చిన్న మండపం లాంటిది ఉంటుంది, దాన్ని చబూత్రో అంటారు. పక్షులకు గింజలు వేసే చోటు. పాత ఇళ్ళ నడిమి వాకిలి కింద టాంకా అని నీళ్ళ తొట్టి ఉంటుంది. వానాకాలం పైకప్పు మీద పడ్డ నీళ్ళు అందులోకి దించి ఏడాదంతా తాగేవాళ్ళు. మనకు ఇంకుడు గుంతల గురించి ఇప్పుడు మీటింగులు పెట్టి చెప్తున్నారు!

దగ్గర్లోనే మానెక్ చౌక్. పొద్దున అక్కడ ఆవులకు గడ్డి అమ్ముతారు, జనం కొని మేపి పుణ్యం కట్టుకుంటారు. పగలు బంగారం అంగళ్ళు. రాత్రి అదే చోట అర్ధరాత్రి దాటేదాకా తిండి బండ్లు. ఒకే చెక్క మీద ఏడాదికి మూడు పంటలు తీసినట్టు. ఈ ఊరు మూడు దారాల మీద వేలాడుతుందని అక్కడ పాత మాట ఒకటుంది. బంగారం, పట్టు, నూలు. నూలు దారం సంగతికే వస్తున్నా.

షాపూర్ దగ్గర మళ్ళీ ఆగుదాం. రణ్‌ఛోడ్‌లాల్ ఛోటాలాల్ అనే ఆయన 1861లో ఈ ఊళ్ళో మొదటి బట్టల మిల్లు నడిపించింది ఇక్కడే. 2,500 కదుళ్ళు, 65 మంది పనివాళ్ళు. అప్పటికి ఇంకా ఊరికి రైలు రాలేదు. యంత్రాలు ఇంగ్లండు నుంచి ఓడలో ఖంభాత్ రేవుకు వస్తే, అక్కడి నుంచి ఎడ్ల బండ్ల మీద తెచ్చారు. ఆవిరి మిల్లును ఈ ఊరికి లాక్కొచ్చింది ఎద్దులే అన్నమాట.

సరిగ్గా అదే ఏడాది అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అమెరికా పత్తి రాక ఇంగ్లండు మిల్లులు ఆగిపోయే పరిస్థితి, మన దేశం పత్తికి ఎన్నడూ లేని ధర. గుజరాత్ వ్యాపారులు బాగా సంపాదించారు. మన వైపు కూడా ఆ గాలి తగిలింది. మన పత్తి కాకినాడ రేవు నుంచి పోయేది, ఇంగ్లీషోళ్ళు దాన్ని ‘కోకనాడాస్’ అనే పేరుతోనే కొనేవాళ్ళు. 1865లో యుద్ధం అయిపోగానే ధర కూలింది. ఎక్కడో ఇద్దరు కొట్టుకుంటే మనకు రేటు రావడం, వాళ్ళు రాజీపడితే మన రేటు పోవడం, ఈ కథ అప్పటి నుంచీ ఉన్నదే.

వ్యాపారుల డబ్బు మెల్లగా మిల్లుల్లోకి మళ్ళింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఊళ్ళో 70కి పైగా మిల్లులు. కోటగోడకు తూర్పున సరస్‌పూర్, గోమతీపూర్, రఖియాల్, అసర్వా పేటల నిండా పొగగొట్టాలే. ఇంగ్లండులోని మాంచెస్టర్‌తో పోల్చి పిలిచేవాళ్ళు. పనివాళ్ళు మిల్లుల చుట్టూ ‘చాలీ’ అనే వరస గదుల్లో ఉండేవాళ్ళు. యజమానులు నది ఒడ్డున షాహీబాగ్‌లో బంగళాలు కట్టుకున్నారు. 1892లో ఎల్లిస్ బ్రిడ్జి వచ్చాక చాలామంది నది పడమటికి మారారు. ఆ పడమటి ఒడ్డున ఆశ్రమ్ రోడ్డు మీద మిల్లు యజమానుల సంఘం భవనం ఉంది, 1954లో లె కార్బూజియే కట్టింది. చండీగఢ్ నగరానికి ప్లాను వేసిన ఆయనే. అది ఈరోజుకీ చెక్కుచెదరలేదు.

ఇప్పుడు ఈ ఊరి చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది చెప్తాను. 1917లో ఊరికి ప్లేగు వచ్చింది. పనివాళ్ళు పారిపోకుండా యజమానులు జీతం మీద బోనస్ ఇచ్చారు, కొందరికి 70 శాతం పైగా. ప్లేగు తగ్గింది, 1918 మొదట్లో బోనస్ తీసేస్తామన్నారు. యుద్ధకాలం, సరుకుల ధరలు మండుతున్నాయి. పనివాళ్ళు కనీసం 35 శాతం పెంచమన్నారు, యజమానులు 20 దగ్గర ఆగిపోయారు. ఫిబ్రవరి 22న మిల్లులకు తాళాలు పడ్డాయి. పనివాళ్ళ పక్షాన అనసూయ సారాభాయ్, యజమానుల పక్షాన ఆమె సొంత తమ్ముడు అంబాలాల్ సారాభాయ్. ఒకే ఇల్లు, చెరో వైపు!

రోజూ సాయంత్రం షాపూర్ దర్వాజా బయట, నది ఒడ్డున తుమ్మచెట్టు కింద పనివాళ్ళు కూడేవాళ్ళు. సబర్మతి ఆశ్రమం నుంచి గాంధీ వచ్చి మాట్లాడేవాడు, రోజుకో కరపత్రం చదివేవాళ్ళు. మూడు వారాలు అయ్యేసరికి ఇళ్ళల్లో గింజలు అయిపోయాయి, జనం సడలడం మొదలైంది. మార్చి 15న గాంధీ నిరాహారదీక్ష పట్టాడు. మూడు రోజుల్లో రాజీ కుదిరింది. ఆ రాజీ తమాషాగా ఉంటుంది. మొదటి రోజు పనివాళ్ళ మాట నెగ్గేట్టు 35 శాతం, రెండో రోజు యజమానుల మాట నెగ్గేట్టు 20 శాతం, మూడో రోజు నుంచి మధ్యవర్తి తేల్చేదాకా ఇరవై ఏడున్నర. ఆగస్టులో మధ్యవర్తి 35 శాతమే ఖాయం చేశాడు. రెండేళ్ళకు, 1920లో, మజూర్ మహాజన్ అనే కార్మిక సంఘం పుట్టింది.

ఇక్కడ రైతులు గమనించాల్సింది ఇంకోటి. మిల్లు రాజీ మార్చి 18న అయితే, నాలుగు రోజులకే, మార్చి 22న, పక్కనున్న ఖేడా జిల్లాలో రైతుల సత్యాగ్రహం మొదలైంది. అంతకుముందు ఏడు అతివృష్టికి పంటలు పోయాయి. పంట నాలుగణాల కంటే తక్కువైతే ఆ ఏటి శిస్తు వసూలు ఆపాలని సర్కారు రూలే ఉంది. పంట ఎన్ని అణాలో లెక్క కట్టేది మాత్రం అధికారులు. వాళ్ళు నాలుగణాలు దాటిందన్నారు, రైతులు దాటలేదన్నారు. గొడవంతా అదే! ఇప్పుడు పంట నష్టం రాయించుకోవడానికి 33 శాతం దాటిందా లేదా అని మన పొలం గట్టు మీద జరిగే వాదన వందేళ్ళ నాటిదే. ఊళ్ళో వకీలుగా ఉన్న వల్లభ్‌భాయ్ పటేల్ ప్రాక్టీసు పక్కనపెట్టి పల్లెల్లో తిరిగింది ఆ పోరాటంలోనే.

ఇక తూర్పు పేటలు. మెట్రోలో కాలూపూర్ దాటి ఇంకొంచెం ముందుకు పోతే అపరెల్ పార్క్ స్టేషన్ వస్తుంది. దిగి ఆటో మాట్లాడుకుని గోమతీపూర్, రఖియాల్ వైపు తిరగండి. అక్కడక్కడా పొగ రాని పొగగొట్టాలు, ఎత్తైన ప్రహరీలు, కొన్ని మిల్లుల స్థలాల్లో అపార్టుమెంట్లు. 1980ల నుంచి మిల్లులు ఒక్కొక్కటి మూతపడి, తొంభైలు అయ్యేసరికి యాభైకి పైగా పోయాయి. ఇంచుమించు లక్షమంది పనివాళ్ళు రోడ్డున పడ్డారు. యంత్రాలు పాతబడ్డా మార్చలేదు, లాభాలు వేరే వ్యాపారాల్లోకి పోయాయి. పాలిస్టర్ వచ్చి నూలు బట్టను తోసేసింది. పవర్‌లూమ్‌లు తక్కువ కూలికి నేసి ఇచ్చాయి. చాలామంది రావలసిన బకాయిల కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. మగ్గం ముందు నిలబడ్డ మనిషి రిక్షా తొక్కాడు, బండి మీద కూరలమ్మాడు. పక్కపక్కన పనిచేసిన హిందువులు, ముస్లింలు 1985, 2002 అల్లర్ల తర్వాత వేర్వేరు పేటలకు విడిపోయారు. పని ఉన్నన్నాళ్ళు మిల్లు గేటు దగ్గరైనా రోజూ కలిసేవాళ్ళు.

పవర్‌లూమ్‌లు అన్నాను కదా. అవి ఎక్కువగా సూరత్‌లో, భివండీలో. వాటిని నడిపిన చేతుల్లో మనవి ఎన్నో ఉన్నాయి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి వలసపోయిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ వాడలకు వాడలే ఉన్నాయి. ఇక్కడ చేనేత బతకనీయక అక్కడికి పోయారు, వాళ్ళు నేసిన బట్ట అక్కడి మిల్లును మూయించింది. ఎవర్ని అంటాం? మన వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు కూడా అదే రోజుల్లో అదే దారిన పోయింది.

సూరత్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. ప్రపంచంలోనే మొదటిసారి రైతు చేతికొచ్చిన హైబ్రిడ్ పత్తి, హెచ్-4, సూరత్ పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. 1970లో డాక్టర్ సి.టి. పటేల్ తయారుచేశారు. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది విత్తనం చేసే పద్ధతి. గద్వాల, నంద్యాల వైపు సీడ్ పత్తిలో క్రాసింగ్ చేసే కూలీలు ఇప్పటికీ చేస్తున్నది అదే పని. మార్కెట్ వార్తల్లో రేటు చెప్పేటప్పుడు వినే శంకర్-6 కూడా గుజరాత్ హైబ్రిడ్డే.

ఫైనల్ ఆదివారం పడింది కాబట్టి పొద్దున గుజరీ సంతకు పోవడానికి వీలైంది. నది తూర్పు ఒడ్డున ఆదివారం ఆదివారం జరిగే పాత సంత ఇది, అహ్మద్ షా కాలం నుంచి ఉందంటారు. పాత ఇనుము, పనిముట్లు, మంచాలు, పుస్తకాలు, ఏదైనా దొరుకుతుంది. బేరం మన అంగట్లో లాగే. మధ్యాహ్నానికి స్టేడియం చేరాను. ఆ రోజు లెక్కకట్టిన జనం 92,453. ఎటు చూసినా నీలం చొక్కాలే. నా పక్క కుర్రాడి చొక్కా లోపలి చీటీ తిప్పి చూశాను, నూరు శాతం పాలిస్టర్. నూలు మీద బతికిన ఊళ్ళో!

ఇంకో మాట, 2030 కామన్వెల్త్ ఆటలు కూడా ఈ ఊరికే ఇచ్చారు, కాబట్టి పోయేవాళ్ళు ఇంకా పెరుగుతారు. పోతే పొద్దున్నే కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలయ్యే వారసత్వ నడకలో చేరండి, 1997 నుంచి మున్సిపాలిటీ నడిపిస్తోంది, పోళ్ళన్నీ తిప్పి జామా మసీదు దగ్గర వదులుతారు. తూర్పు పేటలకు మాత్రం అట్లాంటి నడక ఏదీ నాకు కనపడలేదు, ఆటోవాణ్ణి అడుక్కుంటూ తిరగాల్సిందే. నన్ను తిప్పిన ఆటో ఆయన తండ్రి మిల్లు పనివాడట. ఏ మిల్లు అని అడిగితే ఆగకుండా పోనిస్తూ ఒక గోడ వైపు చెయ్యి చూపించాడు.

మీ ఊళ్ళ నుంచి సూరత్, భివండీ, షోలాపూర్ పోయిన కుటుంబాలు ఉంటే ఏ సంవత్సరంలో పోయారో, ఏ పనికి పోయారో కింద రాయండి. మా మండలం వరకు నేను రాసి పెట్టుకుంటున్నాను.