టెస్టోస్టెరాన్ సూదిమందులో నూనెలు

టెస్టోస్టెరాన్ అనే హార్మోనును కరిగించి కండరంలోకి ఎక్కించడానికి వాడే నూనెను వాహక నూనె అంటారు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, పత్తిగింజల నూనె, ఆముదం ఎక్కువ వాడుకలోకి వచ్చాయి. పెద్దదోర్నాల నుంచి మార్కాపురం, గిద్దలూరు దాకా ఏ మెట్ట రైతుకైనా ఈ నాలుగు పంటలూ తెలిసినవే.

ఈ చరిత్ర నూనెతో కాదు, నీళ్లతో మొదలైంది. 1889లో పారిస్‌లో 72 ఏళ్ల శాస్త్రవేత్త బ్రౌన్-సెకార్డ్ కుక్కల, గినీపందుల వృషణాల నుంచి నీళ్లతో తీసిన రసాన్ని తనకే ఎక్కించుకుని, సత్తువ తిరిగి వచ్చిందని ప్రకటించాడు. టెస్టోస్టెరాన్ నీళ్లలో దాదాపు కరగదు. కాబట్టి ఆయనకు వచ్చిన సత్తువ నమ్మకం వల్ల వచ్చిందే అనుకోవాలి. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాక్వర్ బృందం సుమారు 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల హార్మోను రాబట్టింది. అదే ఏడాది రసాయన శాస్త్రవేత్తలు బ్యూటెనాంట్, రుజిచ్కా వేర్వేరుగా దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. 1939 రసాయన నోబెల్ ఆ ఇద్దరికీ దక్కింది.

మందు చేతికొచ్చింది గాని ఒంట్లో నిలవలేదు. మింగితే కాలేయం చాలావరకు విరిచేస్తుంది, సూదితో ఇచ్చినా గబగబా ఖర్చయిపోతుంది. అందుకని దానికి కొవ్వు ఆమ్లపు తోక ఒకటి తగిలించి ఎస్టరుగా మార్చారు. ఎస్టరుకు నూనె అంటే మక్కువ. కండరంలో దిగిన నూనె చుక్కను వదిలి అది కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. రక్తంలోని ఎంజైములు ఆ తోకను కోసేశాకే అసలు హార్మోను విడుదలవుతుంది. తోక పొడుగైనకొద్దీ మందు నిదానిస్తుంది. 1930ల చివర్లో వచ్చిన ప్రొపియోనేటు ఎస్టరును రెండు మూడు రోజులకోసారి పొడవాల్సి వచ్చేది. 1950లలో వచ్చిన ఎనాంథేటు, సైపియోనేటు వారాల తరబడి పనిచేశాయి.

ఏ మందుకు ఏ నూనె అన్నదానిలో శాస్త్రం ఎంతో, ఆ దేశంలో దొరికే సరుకూ అంతే. పత్తి పండే అమెరికాలో అప్‌జాన్ కంపెనీ సైపియోనేటును పత్తిగింజల నూనెలో కలిపింది. ఎనాంథేటు అక్కడ నువ్వుల నూనెలో వచ్చింది, జర్మనీ షేరింగ్ వారి టెస్టోవిరాన్ డిపోలో ఆముదంలో వచ్చింది. ఆర్గనాన్ వారి సస్టనాన్ 250లో నాలుగు ఎస్టర్లు వేరుశనగ నూనెలో ఉంటాయి.

వీటిలో ప్రత్యేకమైనది ఆముదమే. దాని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. ఆ ఆమ్లంలో ఉన్న హైడ్రాక్సిల్ భాగం వల్ల మిగతా నూనెలు పట్టలేనంత ఎస్టరును ఆముదం పట్టుకుంటుంది. అండెకనోయేటు అనే పొడుగు తోక ఎస్టరును చైనాలో మొదట తేయాకు జాతి గింజల నూనెలో కలిపారు. అందులో మిల్లీలీటరుకు 125 మిల్లీగ్రాములే ఉండేది. 1000 మిల్లీగ్రాములు కావాలంటే 8 మిల్లీలీటర్లు పొడవాలి. అదే ఆముదంలో 4 మిల్లీలీటర్లతో సరిపోయింది. ఇది నెబిడో పేరుతో 2000ల మొదట్లో యూరప్‌లో వచ్చింది, 10 నుంచి 14 వారాలకొక సూది చాలు. చిక్కదనమే దీని చిక్కు. సూదిని లోతుగా దించి, మందును నెమ్మదిగా ఎక్కించాలి. నూనె బిందువులు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఉన్నట్టుండి దగ్గు, ఆయాసం వస్తాయి. 2014లో అమెరికా దీన్ని అనుమతిస్తూ, సూది వేశాక 30 నిమిషాలు ఆసుపత్రిలోనే కూర్చోబెట్టాలని షరతు పెట్టింది. విరేచనాల భయం మాత్రం అక్కర్లేదు. ఆ గుణం ఆముదం పేగులో జీర్ణమైనప్పుడే బయటపడుతుంది.

మన పల్లెల్లో వంటాముదం తీసే పద్ధతి వేరు. గింజల్ని వేయించి, దంచి, నీళ్లలో మరిగించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, మళ్లీ కాచి తడి ఇగరబెడతారు. తలకీ కడుపుకీ అది పనికొస్తుంది, సిరంజికి పనికిరాదు. సూదిమందు నూనెలో ఆమ్లత, పెరాక్సైడ్లు, తేమ నిర్ణీత హద్దులు దాటకూడదు, సూక్ష్మజీవి ఒక్కటీ ఉండకూడదు. ఆముదం గింజలోని రిసిన్ విషం నీళ్లలో కరిగే ప్రోటీను కాబట్టి నూనెలోకి రాదు. ఖనిజ నూనెలు ఒంట్లో అరగవు, అవి పొడిచిన చోట గడ్డలు కడతాయి. అందుకే వాడుక ఎక్కువగా విత్తన నూనెలదే.

  

వేరుశనగ పడనివాళ్లకు సస్టనాన్ ఇవ్వకూడదు. బయటి నుంచి ఎక్కించిన టెస్టోస్టెరాన్ వీర్యకణాల ఉత్పత్తిని అణచివేస్తుంది గనుక జిమ్ముల్లో చేతులు మారే సీసాల జోలికి పోవద్దు. డాక్టరు రాసిన మందైనా, పెట్టెలోని కాగితంలో అది ఏ నూనెలో కలిపారో చదివి, ఆ నూనె గింజ మీకు ఎప్పుడైనా పడకపోయి ఉంటే సూది వేయించుకోకముందే చెప్పండి.