కారే పెట్రోలు, తడబడే ఇంజను: కార్బురేటరు కథ

పాత మోటారు సైకిళ్ళకు రెండు జబ్బులు తరచుగా వస్తూ ఉంటవి. ఒకటి పెట్రోలు కారుట. రెండవది ఇంజను నిలకడగా నడవక తడబడుట. ఇవి వేరు వేరు జబ్బులుగా కనబడినా పెక్కుసార్లు ఒకే మూలము నుండి పుట్టినవే. ఆ మూలము కార్బురేటరులో, అందునా పెట్రోలు నిలిచే చిన్న గిన్నెలో ఉంటుంది. ఆ గిన్నె ఎందుకు వచ్చినదో తెలిసినవానికి దాని జబ్బును కనిపెట్టుట అంత కష్టము కాదు.

పెట్రోలు ద్రవరూపములో మండదు. ఆవిరియై గాలితో తగిన పాళ్ళలో కలిసినప్పుడే మండుతుంది. బరువులో 1 వంతు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 వంతుల గాలి కావలెను. గాలి పాలు మించితే మిశ్రమము పలుచనిది. పెట్రోలు పాలు మించితే చిక్కనిది. పలుచనైతే ఇంజను వేడెక్కి తుమ్ముతుంది. చిక్కనైతే నల్లని పొగ విడుస్తూ మూలుగుతుంది. ఈ పాళ్ళను కుదిర్చే పరికరమే కార్బురేటరు.

1885లో జర్మనీలోని కాన్‌స్టాట్ పట్టణములో గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మైబాఖ్ అనువారు కొయ్య చట్రము గల రెండు చక్రాల బండికి పెట్రోలు ఇంజనును బిగించినారు. ఆ బండిలో గాలి పెట్రోలు ఉపరితలము మీదుగా పోయి, ఆవిరిని వెంట తీసికొని ఇంజనులో ప్రవేశించేది. పద్ధతి సులభమే కాని లోపములు పెద్దవి. పెట్రోలు ఒకే పదార్థము కాదు. పెక్కు హైడ్రోకార్బనుల కూడిక. వానిలో తేలికవి ముందుగా ఆవిరై పోతవి, బరువైనవి అడుగున మిగులుతవి. కనుక బయలుదేరినప్పుడు ఉన్న మిశ్రమము కొంత దూరము పోయేసరికి ఉండదు. దారి గతుకులకు పెట్రోలు తొణికితే ఒక తీరు, చలిగాలి వీస్తే మరొక తీరు. ఇంజను తడబడుట అనే జబ్బు మోటారు సైకిలుతోపాటే పుట్టినదన్నమాట.

1893లో దీనికి విరుగుడు దొరికినది. మైబాఖ్ జర్మనీలోను, డొనాట్ బాంకి, యానోష్ చొంకా అనువారు బుడాపెస్టులోను ఇంచుమించు ఒకే కాలములో పెట్రోలును సన్నని గొట్టము గుండా గాలిలోనికి చిమ్మే పద్ధతిని రూపొందించినారు. ఇరుకు దారిలో ప్రవహించే గాలికి వేగము పెరిగి పీడనము తగ్గునని 18వ శతాబ్దములోనే బెర్నూలీ, వెంచూరీల పరిశోధనల వలన తెలిసియున్నది. ఆ తగ్గిన పీడనమే పెట్రోలును జెట్టు నుండి పైకి లాగి తుంపరలు చేస్తుంది.

అయితే దీనికి ఒక నియమము ఉన్నది. జెట్టు మూతికి కొంచెము దిగువగా పెట్రోలు మట్టము ఎప్పుడును ఒకే చోట నిలువవలెను. ట్యాంకు నిండుగా ఉన్నను, ఖాళీ అవుచున్నను ఆ మట్టము మారరాదు. ఇందుకై ప్రక్కన ఒక గిన్నె, అందులో తేలే ఫ్లోటు, దానితో పైకి లేచి దారిని మూసే సూది ఏర్పాటు చేసినారు. మేడ మీది నీళ్ళ తొట్టి నిండగానే కుళాయిని మూసే తేలుడు బంతి చేసేదీ ఈ పనియే.

ఇప్పుడు రెండు జబ్బుల చుట్టరికము తెలియగలదు. సూది మొనలో నలుసు చిక్కుకొన్నను, మొన అరిగినను, ఇత్తడి ఫ్లోటుకు చిల్లిపడి అది పెట్రోలుతో నిండి మునిగినను దారి మూసుకొనదు. మట్టము పెరుగుతుంది. ఇంజను ఆగియుండగా అది కారుటగా కనబడుతుంది; నడుస్తూ ఉండగా చిక్కని మిశ్రమమై తడబాటుగా వినబడుతుంది. జబ్బు ఒకటే, లక్షణములు రెండు.

బ్రిటనులో ఆమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అనే మూడు కార్బురేటరు సంస్థలు 1927లో ఒక్కటై ఆమల్ అనే పేరు పొందినవి. తొలి ఆమల్ నమూనాలలో ఫ్లోటు గిన్నె విడిగా ఉండేది. 1955 నాటి బండ్లతో వచ్చిన మోనోబ్లాక్ నమూనాలో గిన్నె కార్బురేటరుతో ఒకే పోతగా కలిసినది. 1967లో వచ్చిన కాన్సెంట్రిక్ నమూనాలో జెట్టు చుట్టూ, దాని అడుగుననే అమరినది. 1955లో మదరాసులో రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు బండ్ల కూర్పు మొదలగుటతో మోనోబ్లాక్ మన మెకానిక్కుల చేతికి చిరపరిచితమైనది.

ఈ కార్బురేటర్లు జింకు మిశ్రలోహముతో పోసినవి. లోహము మెత్తనిది. కారుట ఆపవలెనని బోల్టులను బలముగా బిగిస్తే ఇంజనుకు అంటే అంచు వంగి సందు ఏర్పడుతుంది. ఆ సందులో నుండి దొంగగాలి చొరబడి మిశ్రమమును పలుచన చేస్తుంది. ఒక జబ్బుకు చేసిన మొరటు వైద్యమే రెండవ జబ్బుకు కారణమగుట ఇట్లు.

కనుక పరీక్షకు వరుస ముఖ్యము. ముందుగా ఇంజను చల్లారిన పిమ్మట, నిప్పుకు దూరముగా, గాలి ఆడే చోట బండిని నిటారుగా నిలిపి, కార్బురేటరు వెలుపలి భాగమును పొడిగా తుడిచి పెట్రోలు ట్యాపు తెరవవలెను. తొలి తడి ఎక్కడ కనబడునో చూడవలెను. ట్యాపు వద్దనైతే దాని లోపలి బెండు ముక్క ఎండి కుదించుకొనియుండును. గిన్నె పైనుండి పొర్లితే దోషము సూదిది గాని ఫ్లోటుది గాని. ఫ్లోటును తీసి చెవి దగ్గర ఆడిస్తే లోపల చేరిన పెట్రోలు చప్పుడు వినవచ్చును. చల్లని ఇంజనును కదిలించుటకై బొత్తాము నొక్కి పొర్లించిన పెట్రోలును మాత్రము జబ్బుగా ఎంచరాదు.

తడబాటుకు చోకు మంచి సాక్షి. వేడెక్కిన ఇంజనుకు చోకు కొంచెము వేయగా అది కుదుటపడితే మిశ్రమము పలుచనిది. మరింత మూలిగితే చిక్కనిది. ప్లగ్గు మూతి తెల్లబారినదా, మసిపట్టినదా, ఇటుక వన్నెలో ఉన్నదా అనునదియు సాక్ష్యమే. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడచి వేడెక్కగానే దాటవేసే ఇంజను విషయములో కార్బురేటరును నిందించుటకు ముందు కండెన్సరును, కాయిలును చూడవలెను.

ఇటీవలి కాలములో ఇంధనమే మారినది. 2000లో దేశమంతటా సీసము లేని పెట్రోలు వచ్చినది. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాలలో 5 శాతము ఎథనాలు కలుపుటకు పూనుకొన్నారు. ఈ పాలు 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరినది. ఎథనాలులో ఆక్సిజను ఉన్నందున 20 శాతము కలిసిన ఇంధనమునకు సుమారు 13.5 వంతుల గాలి చాలును. పాత జెట్టుకు ఈ సంగతి తెలియదు. మునుపటి కొలతనే ఇస్తుంది. అందుచే మిశ్రమము పలుచబడుతుంది. ఎథనాలు తేమను కూడ పీల్చుకొంటుంది. నీరు మితిమీరితే ఎథనాలుతో కలిసి అడుగున వేరుపడి జింకు లోహమును తింటుంది. పాతకాలపు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వడ్రంగి లక్కను స్పిరిటులో కరిగించి మెరుగు పూసే సంగతి అందరికీ తెలిసినదే. అమెరికాలోని కొన్ని తొలి కార్బురేటర్లలో ఫ్లోటు బెండుతో చేసి లక్క పూసినది. ఎథనాలు కలిసిన పెట్రోలులో ఆ పూత నిలువదు. బెండు పెట్రోలు పీల్చి మునుగుతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలులోనికి వచ్చుటతో కొత్త మోటారు సైకిళ్ళలో ఫ్యూయల్ ఇంజెక్షను కార్బురేటరు స్థానమును దాదాపు పూర్తిగా ఆక్రమించినది. అయినను పాత బండ్లు ఇంకను తిరుగుచున్నవి. పెట్రోలు సున్నకు ఎంతో దిగువ ఉష్ణోగ్రతలో కూడ మండగల ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారుగా ప్రాకి దూరపు దీపమును చేరగలదు. మూసిన గదిలో నిలిపిన బండి క్రింద రాత్రంతా రాలిన చుక్కలు ఒక యింటిని కాల్చుటకు చాలును. బండి దిగిన వెంటనే పెట్రోలు ట్యాపు మూయుట అనే పాత అలవాటు ఈ ఎరుక నుండి వచ్చినదే. అరిగిన సూదిని మార్చునంతవరకు ఆ అలవాటే ఇంటికి కావలి.