నాష్తా, కహ్‌వాల్తి, ఫుతూర్

పొద్దున్నే మన ఇళ్లల్లో వినిపించే మొదటి సవాల్ "నాష్తా అయిందా?" అనేదే. తమాషా ఏంటంటే ఫార్సీలో నాష్తా అంటే మొదటి అర్థం తిండి కాదు, పొద్దుట్నుంచి ఏమీ తినకుండా ఖాళీ కడుపుతో ఉండటం. ఆకలి పేరే తర్వాత తిండికి పేరయింది. అరబ్బులు దాన్ని ఫుతూర్ అంటారు. రంజాన్‌లో మనం చేసే ఇఫ్తార్, ఈ ఫుతూర్ రెండూ ఫే-తోయ్-రే అనే ఒకే మూలం నుంచి వచ్చినవి. ఖలీజ్‌లో పనిచేసొచ్చిన మన భాయ్‌లకు ఈ మాట బాగా తెలుసు. తుర్కులు మాత్రం కహ్‌వాల్తి అంటారు. 'కహ్వె' అంటే కాఫీ, 'ఆల్త్' అంటే కింద. కాఫీకి ముందు కడుపులో వేసుకునే ఆధారం అన్నమాట.

ఇస్తాంబుల్ సఫర్‌కు తయారయ్యేటప్పుడు నాష్తాకు పనికొచ్చే మాటలు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాస్తూ పోతుంటే చాలావరకు ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ నేర్పినవే ఎదురయ్యాయి. చాయ్ అక్కడా చాయే. పనీర్ పెయ్‌నిర్, జైతూన్ జెయ్‌తిన్, షక్కర్ షెకెర్, షోర్బా చోర్బా, మేవా మెయ్‌వె. బిల్లు కావాలంటే "హెసాప్, లూత్‌ఫెన్" అనాలి. హెసాప్ మన హిసాబే. లూత్‌ఫెన్ అంటే దయచేసి, మన లుత్ఫ్ నుంచి వచ్చింది. తినేవాళ్లతో "ఆఫియెత్ ఓల్సున్" అంటారు, ఆఫియత్ కలగాలని దువా. నిజంగా బట్టీ పట్టాల్సినవి కొన్నే: ఎక్‌మెక్ రొట్టె, యుముర్తా గుడ్డు, సూత్ పాలు, బాల్ తేనె, తుజ్ ఉప్పు, సు నీళ్లు. "ఇకి చాయ్, బిర్ సు" అంటే రెండు చాయ్‌లు, ఒక నీళ్లు.

కొన్ని మాటలు మోసం చేస్తాయి. కార్పుజ్ అంటే మన ఖర్బూజా కాదు, తర్బూజా. పెయ్‌నిర్ మన కూరలో వేసే మెత్తటి పనీర్ కాదు, ఎక్కువగా ఉప్పగా ఉండే చీజ్.

మరి కాఫీ పేరు పెట్టుకున్న నాష్తాలో చాయ్ ఎందుకు తాగుతున్నారు? దానికి పెద్ద తారీఖే ఉంది. హలబ్, దమిష్క్‌ల నుంచి వచ్చిన ఇద్దరు 1550లలో ఇస్తాంబుల్‌లో కహ్వాఖానాలు తెరిచారని ఉస్మానీ చరిత్రకారుడు పెచెవీ రాశాడు. కాఫీ గింజలు యెమెన్ నుంచి వచ్చేవి. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడాక యెమెన్ ఉస్మానీల చేయి జారింది. బయటి నుంచి కొనాల్సిన కాఫీ ఖరీదైపోయింది. కొత్త రిపబ్లిక్ నల్లసముద్రం ఒడ్డున ఉన్న రిజె ప్రాంతంలో తేయాకు పెంచాలని 1924లో చట్టం చేసింది. 1947లో అక్కడ ఫ్యాక్టరీ మొదలైంది. అలా గ్లాసులోకి చాయ్ వచ్చింది, పేరులో కహ్వా ఉండిపోయింది.

ఇంకో మార్పు దీనికన్నా పెద్దది. 1928 నవంబర్ 1న తుర్కీ పార్లమెంటు అరబీ లిపిని తీసేసి లాటిన్ లిపి తెచ్చింది. 1932లో భాషా సంస్థ పెట్టి అరబీ, ఫార్సీ లఫ్జ్‌లను ఏరేయడం మొదలుపెట్టారు. మెక్‌తెప్ పోయి ఒకుల్ వచ్చింది, ముఅల్లిమ్ పోయి ఓరెత్మెన్ వచ్చాడు. బడిలో మాటలు మారాయి గానీ దస్తర్‌ఖాన్ మీద మాటలు చాలావరకు అలాగే ఉన్నాయి. తల్లి పిల్లాడికి షెకెర్, జెయ్‌తిన్ అని రోజూ చెప్పే మాటలను ఏ కమిటీ తీసేయగలదు? కానీ లిపి పోయింది. ఇస్తాంబుల్ ఖబరస్తాన్‌లలో పాత రాళ్ల మీద రాసిన ముత్తాతల పేర్లను ప్రత్యేకంగా చదువుకుంటే తప్ప మునిమనవలు చదవలేరు.

ఇది మనకు దూరపు కథేం కాదు. సరిగ్గా ఆ పదేళ్ల ముందు, 1918లో, హైదరాబాద్‌లో ఉర్దూలో పైచదువులు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. 1931లో చివరి ఖలీఫా కూతురు దుర్రెషెహ్వార్, ఉస్మానీ ఖాందాన్ అమ్మాయి నీలోఫర్ నిజాం కొడుకులకు భార్యలై ఇక్కడికొచ్చారు. వాళ్ల పేర్లు ఇప్పటికీ మన ఆసుపత్రుల మీద ఉన్నాయి. ఆ ఉర్దూ మీడియం యూనివర్సిటీలోనేమో 1948 తర్వాత ఇంగ్లిష్ వచ్చేసింది.

ఇప్పుడు మన పిల్లల్ని చూడండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, తెలుగు, ఇంగ్లిష్ చదువుతారు. ఖురాన్ చదవడానికి అరబీ అక్షరాలు నేర్చుకున్నవాళ్లు కూడా దాదా రాసిన ఉత్తరాన్ని చదవలేరు. నేను తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, తెలుగులోనే రాసి బతుకుతున్నవాణ్ణి. తెలుగు లిపి మనదే, దాన్ని వదలమని ఎవరికీ చెప్పను. ఒకటి నేర్చుకోవడానికి ఇంకొకటి వదలాలని ఎవరన్నారు? తుర్కీలో హుకూమత్ చట్టం చేసి లిపిని తీసేసింది. మన ఇళ్లల్లో ఏ చట్టమూ లేకుండానే పోతోంది.

అక్షరాలు సగం ముందే తెలిసిన పిల్లలకు మిగతావి కష్టం కాదు. నాష్తా దగ్గరే మొదలుపెట్టండి. చాయ్, షక్కర్, పనీర్, షోర్బా అని రోజుకొక మాట, పక్కపక్కనే రెండు లిపుల్లో. రేపు వాళ్లు ఏ దేశం వెళ్లినా ఆ మాటల్లో కొన్నైనా ఎదురొస్తాయి. మన ముసాఫిర్‌ను తుర్కులు మిసాఫిర్ అంటారు. అక్కడ ఆ మాటకు అర్థం బాటసారి కాదు, మెహ్‌మాన్.