పంతులుగారి పని ఎప్పుడు వృత్తి అయింది?

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, పాఠశాల చరిత్రను మరొకమారు చెప్పడం కన్న, డెబ్బది ఐదేండ్లుగా ఈ నాలుగు గోడలను బడిగా నిలబెట్టిన పనిని గురించి నాలుగు మాటలు వ్రాయడం ఉచితమని తోచింది. ఉపాధ్యాయుల జీతం నుండి నెలనెలా వృత్తిపన్ను పేరిట కొంత సొమ్ము మినహాయిస్తారు. కనుక ప్రభుత్వం లెక్కలో మాది వృత్తియే. అయితే పన్ను కట్టినంత మాత్రాన ఒక పని వృత్తి అవుతుందా?

తెలుగులో వృత్తి అన్న మాట చాల విశాలమైనది. కమ్మరి పని, సాలె పని, వైద్యం, వకీలు పని అన్నింటికీ ఆ మాటే వాడుతాము. పూర్వం పండితుల జీవనానికై దానమిచ్చిన భూమిని కూడ వృత్తి అనేవారు. అంటే మన మాటకు బ్రతుకుతెరువు ప్రధానం. ఆంగ్లేయులు ప్రొఫెషన్ అనే మాటకు మూలంలో ఉన్న అర్థం పదిమంది యెదుట బాహాటంగా మాట ఇవ్వడం. ఈ రెండర్థాలనూ కలిపి చూస్తే, నా దృష్టిలో ఒక పని నిండైన వృత్తి కావడానికి మూడు లక్షణాలు కావాలి. శ్రమించి అభ్యసించవలసిన ప్రత్యేక విద్య మొదటిది. ఆ విద్య ఉన్నవారికే ప్రవేశమిచ్చే ద్వారం రెండవది. తప్పు జరిగినప్పుడు, జీతమిచ్చే యజమానికే గాక, అదే పని చేసే తోటివారికి సమాధానం చెప్పుకొనవలసిన బాధ్యత మూడవది. ఈ మూడింటిలో ఉపాధ్యాయుని పనికి ఎన్ని సమకూడినవో చరిత్రను అడిగి చూద్దాము. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టం మన బళ్ళారిలోనే జరిగింది.

1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, రాజధానిలోని బడులెన్ని, చదివేవారెందరు, ఏమి చదువుతున్నారు అని జిల్లా కలెక్టర్లందరినీ అడిగినాడు. మన్రో దత్తమండలాలకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసినవాడు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో సమాధానం పంపినాడు. ఈయన తెలుగు వ్యాకరణం, నిఘంటువు రచించిన పండితుడు గనుక ఆ నివేదిక అంకెల పట్టికతో ఆగిపోలేదు. నేటి అనంతపురం, ఆదోని ప్రాంతాలను కూడ కలుపుకొనియున్న ఆనాటి బళ్ళారి జిల్లాలో 9,27,857 మంది జనం, 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. వానిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226, మరాఠీవి 23, పారసీవి 21, తమిళంవి 4, ఆంగ్లం బడి ఒక్కటి. ఇవిగాక బ్రాహ్మణులకు మాత్రమే పరిమితమైన విద్యాస్థానాలు 23. బాలికలు 60 మంది మాత్రమే. ఒక బాలికల తరగతిలో నేడు కూర్చునేటంత మంది ఆనాడు జిల్లా మొత్తంలో చదివినారన్నమాట.

ఆ బడులలో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకొన్నాడు. అది ఇంగ్లండులో సైతం అనుకరణ పొందిందని వ్రాసినాడు. మరొక ఆచారాన్ని కూడ వర్ణించినాడు. ఉదయం బడికి మొట్టమొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి మెప్పూ లేదు, మందలింపూ లేదు, సున్న. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చిన వారికి ఒక్కొక్కటి హెచ్చు. అయితే ఆయన దాచని లోపమొకటుంది. పిల్లలు పుటలకు పుటలు పద్యాలు అప్పజెప్పుతారే గాని, వానికి అర్థం తెలియదు. చాల సందర్భాలలో నేర్పేవారికీ తెలియదు. అంటే పంతులుగారి వద్ద నేర్పే అలవాటు ఉన్నది గాని, నేర్పడమనే విద్య లేదు.

దీనికి కారణమేమిటో 1826 మార్చిలో మన్రో తన అభిప్రాయపత్రంలో వ్రాసినాడు. బడిపంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదు. ఆ మాత్రానికి అర్హులైనవారు ఈ పనికి రారు. కనుక జిల్లా బడుల ఉపాధ్యాయులకు నెలకు 15 రూపాయలు, తహసీలు బడుల వారికి 9 రూపాయలు ఇవ్వాలనీ, వారికి మద్రాసులో ముందుగా శిక్షణ నీయాలనీ ప్రతిపాదించినాడు. మరుసటి సంవత్సరమే పత్తికొండలో కలరా సోకి మన్రో మరణించినాడు. ఆ బడులు 1836లో రద్దయినవి. కాని ఉపాధ్యాయునికి తగిన వేతనం, ముందుగా శిక్షణ రెండూ అవసరమన్న ఆలోచన చెరిగిపోలేదు.

1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వెలసింది. అదియే తరువాత సైదాపేట టీచర్స్ కళాశాలగా రూపొందింది. 1880 దశకంలో మద్రాసు విశ్వవిద్యాలయం ఎల్.టి. పట్టాను ప్రవేశపెట్టింది. మన పెద్దలు ఎందరో పేరు ప్రక్కన గర్వంగా వ్రాసుకున్న పట్టా అది. మొదటి లక్షణం ఈ విధంగా అంకురించింది. అదే కాలంలో దీనికి విరుద్ధమైన మరొక పద్ధతి కూడ నడిచింది. తనిఖీనాడు ఎందరు పిల్లలు పరీక్షలో నెగ్గితే బడికి అంత గ్రాంటు. దానితో పంతులుగారి చూపు పిల్లవాని మీదనుండి ఇన్‌స్పెక్టరుగారి మీదికి మళ్ళింది.

అట్టి కాలంలోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా ఉన్నారు. సమీపంలోని సవరలకు బడిలో చోటు లేదని గమనించి, ఆయన స్వయంగా సవర భాష నేర్చుకున్నారు. వారికై బడులు పెట్టించినారు. ఆ భాషకు వారు సంతరించిన పాఠబోధిని 1931లోనూ, నిఘంటువు ఆ తరువాతి సంవత్సరాలలోనూ వెలువడినవి. ఇది చేయమని ఏ ఇన్‌స్పెక్టరూ అడుగలేదు. దీనివలన గ్రాంటూ పెరగదు. ఎవరో వ్రాసినదానిని అప్పజెప్పించే స్థితినుండి, తన ముందున్న పిల్లవానికి కావలసిన విద్యను తానే నిర్మించే స్థితికి ఉపాధ్యాయుడు ఎదగగలడని పంతులుగారు చూపినారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు వారు ఆ ఊరు విడిచి వచ్చినారు. సరిహద్దు మారితే బడి ఏమగునన్న దిగులు మనకు కూడ పరిచితమే. మన పాఠశాల పుట్టిననాడు బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడగా ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళినవి; బళ్ళారి మైసూరులో చేరింది. పలకలు మారలేదు, పంతుళ్ళు మారలేదు, బడి సాగింది.

రెండవ లక్షణమైన ద్వారం ఇటీవలి నిర్మాణం. 1966 అక్టోబరు 5న యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థల ఆధ్వర్యంలో జరిగిన సమావేశం, బోధనను వృత్తిగా పరిగణించాలనీ, దానికి నిరంతర అధ్యయనం అవసరమనీ సిఫారసు చేసింది. మన దేశంలో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలికి 1993 నాటి చట్టంతో అధికారం లభించి, 1995లో అది పని మొదలుపెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం కనీసార్హతలను తప్పనిసరి చేసింది; ఆపైన అర్హతపరీక్షలు వచ్చినవి.

ఇక మూడవది. న్యాయవాది తప్పు చేస్తే, 1961 చట్టం ప్రకారం న్యాయవాదులు ఎన్నుకున్న మండలియే విచారిస్తుంది. వైద్యుని పేరును రిజిస్టరునుండి తొలగించే అధికారం వైద్యమండలికి ఉన్నది. ఉపాధ్యాయునికి నోటీసులిచ్చే పై అధికారులున్నారు. తోటి ఉపాధ్యాయులు కూర్చుండి ఇది మన పనికి తగదని నిర్ణయించే పీఠం లేదు. దాని ఫలితం చూడండి. 1823లో కాంప్‌బెల్ వర్ణించిన ఆ బెత్తపు దెబ్బలు బడులలో తరతరాలు కొనసాగినవి. చివరకు దేశమంతటికీ వర్తించేలా శారీరక దండనను నిషేధించింది 2009 నాటి చట్టం. అది తప్పని మనలో ఎందరికో ముందే తెలుసు. ఐనను మనకై మనము బెత్తం దించలేదు. శాసనం వచ్చి దింపించింది.

ఇతరులను అనే ముందు నా సంగతి చెప్పాలి. నేను బి.ఎడ్. ముగించి మొదట చేరినది వేరొక పాఠశాలలో. అక్కడ తెలుగు విభాగంలో పిల్లల సంఖ్య ఏటేటా తగ్గుతూ ఉండేది. సంఖ్య చాలకపోతే పోస్టు పోతుంది. ఒక తనిఖీకి ముందు, ఊరు విడిచి వెళ్ళిపోయిన పిల్లల పేర్లను హాజరుపట్టీలో కొనసాగించవలసిందని యాజమాన్యం వారు చెప్పినారు. తెలుగు నిలవడానికే గదా అనుకొని, నా తరగతిలో ఆరుగురు లేని పిల్లలకు నేను హాజరు వేసినాను. ప్రక్క తరగతి మాస్టారు వేయలేదు. "రానివాణ్ణి వచ్చినాడని వ్రాసిన చేతితో, వచ్చినవాడికి లెక్క ఎట్లా దిద్దేదమ్మా?" అని మాత్రం అన్నారు. ఆ యేడాది చివర ఆయన మిగులు ఉపాధ్యాయునిగా వేరొక ఊరికి వెళ్ళినారు. నా పోస్టు నిలిచింది. యాజమాన్యం సంతోషించింది, తనిఖీ సవ్యంగా ముగిసింది, తల్లిదండ్రులకు తెలియదు. నన్ను నిలదీయగలవారు తోటి ఉపాధ్యాయులే, కాని వారికి ఆ స్థానం ఎవరూ ఇవ్వలేదు. ఆనాడు నాది ఉద్యోగం, ఆయనది వృత్తి. ఈ తేడా నాకు బోధపడడానికి చాల సంవత్సరాలు పట్టింది.

అందుకే మన పాఠశాలలో ప్రతి నెల చివరి శనివారం ఒకరి హాజరుపట్టీని, మార్కులపట్టీని మరొక ఉపాధ్యాయులు చూచి సంతకం చేసే నియమం పెట్టుకున్నాము. నా పట్టీలను మాలో అందరికంటె చిన్నవారు చూస్తారు. ఇది ఏ చట్టమూ విధించినది కాదు. గత సంవత్సరం వారు నా లెక్కలో ఒక తప్పు పట్టుకున్నారు, దిద్దుకున్నాను.

పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుల స్థానంలో మరొకరిని వెదకడం మన ఊరిలో ఏటేటా కష్టమవుతున్నదని తల్లిదండ్రులకు, పూర్వవిద్యార్థులకు తెలియనిది కాదు. మీ ఇంటిలో ఏ అమ్మాయి యైనా, అబ్బాయి యైనా ఈ పనికి వస్తానంటే, జీతమెంత అని అడగండి. మన్రో కూడ అదే ముందు అడిగినాడు. ఆ తరువాత, తోటివారు తన పట్టీ చూస్తామంటే ఇవ్వగలవా అని కూడ అడగండి. ఇస్తామన్నవారిని మా వద్దకు పంపండి. వారికి మన బడిలో చోటున్నది.