క్యాన్సర్ నర్సు
క్యాన్సర్ రోగికి మందులు ఎక్కించి, వాటి దుష్ప్రభావాలను కనిపెట్టి ఉండే ప్రత్యేక శిక్షణ గల నర్సు. డాక్టరు రాసింది అమలు చేయడమే ఈ నర్సు పని అనుకోవడం పొరపాటు. ఎర్రటి డాక్సోరూబిసిన్ మందు సిర దాటి చర్మం కిందికి కారితే అక్కడ పుండుపడి కండ చచ్చిపోవచ్చు. అందుకే ఎక్కించే ముందు గొట్టంలోకి రక్తం వెనక్కి వస్తోందో లేదో చూస్తారు, రోగి మంట అనగానే ఆపేస్తారు. కీమో అయిన వారం పది రోజులకు తెల్లకణాలు అడుగంటుతాయి. అప్పుడు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం కూడా ప్రాణం మీదికి తేవచ్చు. మాత్ర వేసి పొద్దున చూద్దాంలే అనుకోవద్దని ఇంటివాళ్లకు ముందే నూరిపోసేది నర్సే.

నర్సు ఇలా కనిపెట్టి ఉండటం ఓదార్పే తప్ప ఆయుష్షు పెంచదనే వాదన ఉంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రంలో, జబ్బు ఇతర అవయవాలకు పాకిన 766 మందిపై జరిపిన అధ్యయనం 2017లో దీనికి జవాబిచ్చింది. తమ బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటర్లో నమోదు చేసినవారి మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మామూలు పద్ధతిలో ఉన్నవారిది 26. ఘనత కంప్యూటర్‌దేనంటారా? బాధ ముదిరినప్పుడు హెచ్చరిక వెళ్లింది నర్సులకే. ఫోన్‌లో సలహా చెప్పడం, అవసరమైతే మందు మార్పించడం వాళ్లు చూసుకున్నారు. అయితే ఇది ఒక్క పెద్దాసుపత్రి అనుభవం. ఒక్కో నర్సు చేతిలో లెక్కకు మించి పడకలుండే వార్డులో ఆ హెచ్చరికను అందుకునే తీరిక ఎవరికి ఉంటుందన్నది వేరే ప్రశ్న.